నడక చెప్పే సంగతులు

మనం ఉంటున్న నార్తాంప్టన్ పట్టణానికీ, మనిషి నడకకూ చాలా పాత చుట్టరికం ఉంది. ఇది జోళ్ళు కుట్టేవారి ఊరు. 1642లో ఇక్కడి పనివారు కొందరు కలిసి సైన్యం కోసం నాలుగువేల జతల జోళ్ళు, ఆరువందల జతల పొడుగు బూట్లు కుట్టి ఇచ్చే పని ఒప్పుకొన్నారు. ఆ తరువాత తరతరాలుగా ఈ ఊరిలో ఎన్నో కుటుంబాలు ఆ పనిమీదనే బ్రతికాయి. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఈనాటికీ అందరూ 'కాబ్లర్స్', అంటే జోళ్ళు కుట్టేవారు, అని ముద్దుగా పిలుస్తారు. గిల్డ్‌హాల్ రోడ్డులోని మ్యూజియంలో వెనుకటి కాలపు జోళ్ళు ఎన్నో దాచి ఉంచారు. మీలో చాలమంది చూచే ఉంటారు.

అనుభవం గల పనివాని చేతికి ఒక పాత జోడు ఇచ్చి చూడండి. దాని అడుగుభాగం తిప్పి చూచి, తొడిగినవారి నడక ఎటువంటిదో చెప్పగలడు. మడమ ఒక పక్కనే అరిగిందా? ముందుభాగం నేలకు రాసుకొని అరిగిందా? ఒక జోడు ఎక్కువగా, రెండవది తక్కువగా అరిగిందా? మనిషి ఎదుట లేకపోయినా అతని నడక జోడు మీద మిగిలి ఉంటుంది.

జోడును చూచి నడకను చెప్పవచ్చు. మరి నడకను చూచి, తల లోపల ఉన్న మెదడు సంగతి చెప్పవచ్చునా? ఈ ప్రశ్న నాకు మన తరగతిలోనే ఎదురైంది.

మన శనివారం తెలుగు తరగతికి వచ్చే ఒక అబ్బాయి ఉన్నాడు. వాని తాతయ్య రేపల్లె దగ్గరి పల్లెటూరినుంచి వచ్చి, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. మనుమణ్ణి తరగతికి తీసికొని వచ్చేది ఆయనే. మొదటి సంవత్సరం ఆయన రెండు చేతులూ ఊపుకొంటూ, పొలంగట్టు మీద నడిచినట్లే చకచకా నడిచి వచ్చేవారు. ఆ నడకను అందుకోవడానికి మనుమడు పరుగెత్తవలసి వచ్చేది.

మరుసటి సంవత్సరం ఆ నడక మారింది. అడుగులు చిన్నవి అయినాయి. కుడిచేయి ఊగడం మానింది. తరగతి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కొన్నట్లు ఆగిపోయేవారు. ఒకనాడు నేను ఆయనను బోర్డుమీద ఒక వాక్యం వ్రాసి పిల్లలకు చూపించమని కోరాను. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఆనాడు మొదటి అక్షరం పెద్దదిగానే పడింది. పోను పోను అక్షరాలు చిన్నవై, చివరి మాట చీమల బారులా కనిపించింది. ముఖంలో మునుపటి నవ్వు కూడ లేదు. తాతయ్యగారికి కోపం వచ్చిందని పిల్లలు అనుకొన్నారు.

ఒక శనివారం ఇద్దరు పిల్లలు నడవాలో ఆయన వెనుకనే చిన్నచిన్న అడుగులు వేస్తూ, అచ్చంగా ఆయనలాగే నడిచి చూపించారు. మిగిలినవారు నవ్వారు. ఆయన వెనుదిరిగి చూడలేదు. కాని మనుమడు చూచాడు. ఆనాడు వాడు పుస్తకం తెరవలేదు. అందరూ వెళ్ళిన తరువాత నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, తాతయ్య కాళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరుగారు అన్నారు. జబ్బు మెదడులో ఉందట. కాళ్ళు బాగుంటే నడక ఎందుకు పాడయింది?" అని అడిగాడు.

"బాగా అడిగావు బాబూ. సరిగా తెలిసికొని వచ్చే వారం చెబుతాను" అన్నాను.

అదృష్టవశాత్తు ఆ సంగతి తెలిసినవారు మనకు దగ్గరలోనే ఉన్నారు. మన తరగతిలో చదివే ఒక అమ్మాయికి పిన్ని అయిన ఆమె పరిశోధకురాలు. మనిషి కదలికలనూ, మెదడు జబ్బులనూ గురించి పరిశోధించే ఉద్యోగంలో అప్పుడే చేరారు. నేను అడగగానే మరుసటి శనివారం తరగతికి వచ్చారు. ఆమె చెప్పిన సంగతులూ, ఆ తరువాత నేను చదివి తెలిసికొన్నవీ కలిపి ఈ పాఠం వ్రాస్తున్నాను.

ఆమెను 'డాక్టరుగారు' అని పరిచయం చేయగానే ఒక పిల్లవాడు, "అయితే తాతయ్యగారికి మందు ఇస్తారా?" అని అడిగాడు. ఆమె నవ్వి, "నేను మందులిచ్చే డాక్టరును కాను నాన్నా" అన్నారు.

డాక్టరు అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. వైద్యం చేసేవారిని డాక్టరు అంటాము. ఒక విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించి, కొత్త సంగతి కనుగొని, దానిని పెద్ద గ్రంథంగా వ్రాసి, విశ్వవిద్యాలయంవారి చేత పీహెచ్.డి. అనే పట్టం పొందినవారిని కూడ డాక్టరు అంటాము. ఇంగ్లండులో ఈ పట్టం పొందడానికి సాధారణంగా మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది. దాని తరువాత కొంతకాలం అనుభవజ్ఞులైన ఆచార్యుల దగ్గర ఉండి, జీతం మీద పూర్తికాలం పరిశోధన చేసే ఉద్యోగాన్ని పోస్ట్‌డాక్టొరల్ పరిశోధన అంటారు. 'పోస్ట్' అంటే తరువాత అని అర్థం. వీరిని విద్యార్థులు అనడానికి వీలులేదు. ఆచార్యులూ కారు. ఈత నేర్చుకొన్నవాడు గురువు ఒడ్డున ఉండగా లోతు నీళ్ళలోకి మొదటిసారి దిగినట్లు ఉంటుంది వీరి పని.

ఇటువంటి ఉద్యోగంలో ఉండి ఎంత పని చేయవచ్చునో చెప్పడానికి మన ఊరి మనిషి కథే ఒకటి ఉంది. ఫ్రాన్సిస్ క్రిక్ 1916లో నార్తాంప్టన్‌లోని వెస్టన్ ఫావెల్‌లో పుట్టాడు. ఆయన తండ్రి, పినతండ్రి ఇక్కడ జోళ్ళ కర్మాగారం నడిపేవారు. కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తూ ఉండగా 1951లో జేమ్స్ వాట్సన్ అనే అమెరికా యువకుడు ఆయనతో కలిశాడు. వాట్సన్ అప్పటికే పీహెచ్.డి. పొంది, పోస్ట్‌డాక్టొరల్ పరిశోధకుడుగా సముద్రం దాటి వచ్చినవాడు. వయస్సులో పెద్దవాడైన క్రిక్‌కు ఇంకా ఆ పట్టం రాలేదు. వీరిద్దరూ కలిసి, తల్లిదండ్రుల లక్షణాలను బిడ్డలకు అందించే డి.ఎన్.ఎ. అనే పదార్థం ఆకారాన్ని 1953లో కనుగొన్నారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రాలు వారికి ఎంతో తోడ్పడ్డాయి. క్రిక్‌కు పీహెచ్.డి. ఆ మరుసటి సంవత్సరం, 1954లో వచ్చింది. ఆయన తన జీవితం చివరి భాగమంతా అమెరికాలో మెదడును గురించిన పరిశోధనలోనే గడిపాడు. జోళ్ళు కుట్టే ఇంటిలో పుట్టినవాడు చివరికి మెదడు దగ్గరకు చేరాడన్నమాట.

ఇక మన పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. కాళ్ళు బాగుంటే నడక ఎందుకు పాడవుతుంది?

నడవడం మనకు తేలిక. పసిబిడ్డకు తేలిక కాదు. ఇంచుమించు సంవత్సరం వయస్సు వచ్చేవరకు తప్పటడుగులు కూడ పడవు. పడుతూ లేస్తూ నెలల తరబడి సాధన చేస్తేగాని నడక రాదు. ఒకసారి వచ్చిన తరువాత మనం దానిని గురించి ఆలోచించము. మాట్లాడుతూ నడుస్తాము, పుస్తకాల సంచి సర్దుకొంటూ నడుస్తాము. మనం ఆలోచించని ఆ పనిని లోపల మెదడు చేస్తూనే ఉంటుంది.

పెద్దమెదడు పైపొరలో కదలికల కోసం ప్రత్యేకించిన భాగం ఉంది. కుడికాలు కదలవలసి వస్తే ఆజ్ఞ ఎడమవైపునుంచి, ఎడమకాలు కదలవలసి వస్తే కుడివైపునుంచి బయలుదేరుతుంది. ఆ ఆజ్ఞ వెన్నుపాములో నుంచి దిగి, నరాల ద్వారా కండరాలకు చేరుతుంది. తల వెనుక అడుగుభాగంలో ఉన్న చిన్నమెదడు, వేసిన అడుగు సరిగా పడుతున్నదా లేదా అని చూస్తూ, తూలిపోకుండ సరిదిద్దుతుంది. వీటికి తోడు, మెదడు లోపలి భాగంలో కొన్ని నాడీకణాల గుంపులు ఉన్నాయి. ఏ కదలిక మొదలుకావాలి, ఎంత పెద్దదిగా ఉండాలి, ఏది ఆగాలి అనే సంగతులు నిర్ణయించడంలో ఇవి సహాయపడతాయి.

మన ఊళ్ళలో కోలాటం చూచారా? ఆటగాళ్ళందరికీ చేతులలో కోలలు ఉంటాయి. అందరికీ ఆట వచ్చు. అయినా మధ్యన నిలిచిన గురువు ఈల ఊది, తాళం వేసి, అడుగు మార్చమని సంజ్ఞ చేస్తేగాని ఆట సాగదు. ఆటగాళ్ళు ఎంత బలంగా ఉన్నా, తాళం వినబడకపోతే కోలలు తప్పిపోతాయి, అడుగులు తడబడతాయి. తాతయ్యగారి కాళ్ళు ఆ ఆటగాళ్ళవంటివి. కాళ్ళకు ఏమీ కాలేదు. లోపలినుంచి అందవలసిన తాళం సరిగా అందడం లేదు. అందుచేతనే అడుగు చిన్నదవుతుంది, చేయి ఊగదు, అక్షరం చిన్నదవుతుంది. ముఖంలోని కండరాలు కూడ మెల్లగా కదలడం వల్ల నవ్వు కనబడదు. ఆయనకు కోపం రాలేదు పిల్లలూ! నవ్వు లోపలనే ఉంది. అది ముఖం మీదికి రావడానికి ఆలస్యమవుతున్నది.

ఈ జబ్బు పేరు పార్కిన్సన్ జబ్బు. ఇది అంటువ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షలమందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. ఎక్కువగా పెద్ద వయస్సులో వస్తుంది. కొందరికి అంతకంటే ముందే వస్తుంది.

జబ్బుకు ఈ పేరు జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుని వల్ల వచ్చింది. ఆయన లండనులోని హాక్స్‌టన్ ప్రాంతంలో వైద్యం చేసేవాడు. 1817లో 'వణుకు పక్షవాతం' గురించి ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. అందులో ఆరుగురు మనుషుల సంగతి వ్రాశాడు. ఆరుగురిలో అందరూ ఆయన దగ్గరకు వైద్యానికి వచ్చినవారు కారు. కొందరిని వీధిలో నడుస్తూ ఉండగా చూచి ఆపి మాట్లాడాడు. ఒకరిని దూరంనుంచి మాత్రమే చూచాడు. వణికే చేయి, ముందుకు వంగిన నడుము, నడక క్రమంగా పరుగులోకి దిగడం వంటివి గమనించి వ్రాశాడు. ఆ రోజులలో తల లోపలికి చూపించే యంత్రాలు లేవు. ఆయన దగ్గర ఉన్నవి రెండు కళ్ళూ, ఒక కలమూ మాత్రమే. అదే వీధిలో ఆ మనుషులను ఎందరో చూచి ఉంటారు. చూచి జాలిపడినవారు ఉంటారు, నవ్వినవారూ ఉంటారు. ఆయన చూచి, వ్రాసి పెట్టాడు. తరువాత ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టి గౌరవించాడు.

నడక ఎలా మారుతుందో తెలిసింది. ఎందుకు మారుతుందో తెలియడానికి ఇంకా నూట నలభై ఏళ్ళు పట్టింది. మన దేశంలో సర్పగంధ అనే మొక్క ఉంది. దానినుంచి తీసే రిసర్పిన్ అనే మందును స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు ఇచ్చాడు. అవి కదలక మెదలక పడి ఉన్నాయి. తరువాత ఎల్-డోపా అనే మరొక పదార్థం ఇవ్వగానే మళ్ళీ లేచి తిరిగాయి. 1957లో ప్రకటించిన ఈ ప్రయోగం వల్ల, మెదడులో డోపమీన్ అనే రసాయనానికీ కదలికకూ సంబంధం ఉన్నదని తెలిసింది. మన శరీరం ఎల్-డోపాను డోపమీన్‌గా మార్చుకొంటుంది.

ఆ రోజులలోనే, 1956లో, ఓలే హోర్నికీవిచ్ అనే యువవైద్యుడు వియన్నానుంచి ఇంగ్లండు వచ్చాడు. మన ఊరికి అంతగా దూరంలేని ఆక్స్‌ఫర్డులో బ్లాష్కో అనే శాస్త్రజ్ఞుని దగ్గర రెండేళ్ళు పరిశోధన చేశాడు. డోపమీన్‌ను గురించి ఆలోచించమని బ్లాష్కో ఆయనకు సలహా ఇచ్చాడు. వియన్నాకు తిరిగి వెళ్ళిన తరువాత, పార్కిన్సన్ జబ్బుతో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి, కదలికలను నడిపే భాగంలో డోపమీన్ చాలా తక్కువగా ఉన్నదని 1960లో ఆయన తన సహచరునితో కలిసి ప్రకటించాడు. మెదడు మధ్యభాగంలో నల్లగా కనబడే చోట ఉన్న కణాలు డోపమీన్‌ను తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా నశించడం వల్లనే తాళం తప్పుతున్నది. 1961లో వియన్నాలో రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూచారు. మంచంమీదనుంచి లేవలేనివారు లేచి నడిచారు. ఈ మందు నేటికీ పార్కిన్సన్ జబ్బుకు ముఖ్యమైన మందు. అది జబ్బును పూర్తిగా పోగొట్టదు, నశించిన కణాలను తిరిగి తేదు. కాని ఎందరికో మళ్ళీ నడకను ఇచ్చింది.

ఇక్కడ మన తెలుగువారికి బాగా తెలిసిన ఒక తీగ సంగతి చెప్పాలి. దూలగొండి పేరు మీ పెద్దలను అడగండి. వెంటనే చేతులు గోక్కొంటారు! దాని కాయలమీది నూగు తగిలితే ఒళ్ళంతా దురద. ఆ దూలగొండి గింజలలో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అప్పటికి ఈ పదార్థం పార్కిన్సన్ జబ్బుకు మందు అవుతుందని ఎవరికీ తెలియదు. ఆయుర్వేదంలో కంపవాతం అనే పేరుతో వణుకు జబ్బు ప్రస్తావన ఉన్నది. దూలగొండి గింజలను మన వైద్యులు పూర్వంనుంచి వాడుతున్నారు. 2004లో లండను వైద్యులు దూలగొండి గింజల పొడిని ఎనిమిదిమంది పార్కిన్సన్ రోగులకు ఇచ్చి, మామూలు మందుతో పోల్చి చూచారు. పొడి త్వరగా పనిచేసింది, ఎక్కువసేపు నిలిచింది. అయితే ఎనిమిదిమందితో చేసిన పరీక్ష చిన్నది. కనుక డాక్టరుగారితో చెప్పకుండ ఎవరూ ఆ గింజలు తినరాదు, తినిపించరాదు. ఎంత మోతాదు, ఎవరికి, ఏ మందుతో కలిపి అనే ప్రశ్నలు తేలకుండ మందు మందు కాదు.

ఇన్ని తెలిసిన తరువాత ఇంకా పరిశోధన దేనికి అని మీరు అడగవచ్చు. మన అమ్మాయి పిన్ని పని ఇక్కడనే మొదలవుతుంది.

మన కన్ను చాలా సంగతులను పట్టలేదు. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా నేలను వదులుతాయా, లేదా? దీనిమీద పెద్దలు వాదించుకొనేవారు. ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్ళిన మైబ్రిడ్జి అనే ఆయన 1878లో వరుసగా కెమెరాలు పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీసి, వదులుతాయని చూపించాడు. నేటి నడక ప్రయోగశాలలు ఆ ఫోటోల మనుమలవంటివి.

ఆ ప్రయోగశాల పొడుగైన ఖాళీ గది. చుట్టూ గోడలమీద కెమెరాలు ఉంటాయి. నడవబోయే మనిషి మోకాళ్ళకు, మడమలకు, నడుముకు వెలుగును తిప్పికొట్టే చిన్న గుండ్రని బిళ్ళలు అంటిస్తారు. కెమెరాలు సెకనుకు వంద, అంతకంటే ఎక్కువసార్లు కూడ ఆ బిళ్ళలు ఎక్కడ ఉన్నాయో నమోదు చేస్తాయి. నేలలో అమర్చిన పలకలు పాదం ఎంత బలంగా, ఎటువైపు నొక్కుతున్నదో కొలుస్తాయి. చర్మంమీద అంటించిన చిన్న పరికరాలు ఏ కండరం ఎప్పుడు బిగుసుకొన్నదో చెబుతాయి. తలకు తొడిగే టోపీవంటి పరికరం, మెదడులోని సన్నని విద్యుత్ తరంగాలను గుర్తిస్తుంది. ఇవన్నీ కంప్యూటరులో అంకెలుగా మారతాయి. అడుగు పొడవు ఎంత? కుడి ఎడమల మధ్య తేడా ఎంత? రెండు పాదాలూ నేలమీద ఉన్న సమయం ఎంత? మామూలుగా నడిచేటప్పుడు ఒక్కొక్క పాదం నూటికి సుమారు అరవై వంతుల సమయం నేలమీద, నలభై వంతులు గాలిలో ఉంటుంది. జబ్బులో ఈ లెక్క మారుతుంది.

ఆమె మాకు ఒక చిన్న పరీక్ష చూపించారు. ఒక అమ్మాయిని గది ఈ చివరినుంచి ఆ చివరికి నడవమన్నారు. మేము సమయం చూచాము. తరువాత వందనుంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ, పైకి చెబుతూ నడవమన్నారు. వంద, తొంభైమూడు, ఎనభైఆరు... అని చెబుతూ ఉంటే ఆ అమ్మాయి నడక తగ్గిపోయింది. డెబ్భైతొమ్మిది దగ్గర ఆగి నిలబడింది! అందరూ నవ్వారు. "చూచారా! నడక కాళ్ళ పని మాత్రమే అయితే లెక్క చెప్పినందువల్ల ఎందుకు ఆగాలి? మెదడు రెండు పనులు ఒకేసారి చేయవలసి వచ్చింది. మీకే ఇంత కష్టమైతే, తాళం అందని తాతయ్యగారికి ఎంత కష్టమో ఆలోచించండి. అందుచేత ఆయన నడిచేటప్పుడు ప్రశ్నలు వేయకండి. నిలబడిన తరువాత మాట్లాడండి" అని ఆమె చెప్పారు.

జబ్బును బట్టి నడక మారుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవారు కాళ్ళు ఎడంగా పెట్టి, తూలుతూ నడుస్తారు. హంటింగ్టన్ జబ్బు కలవారికి చేతులు, కాళ్ళు తమ ప్రమేయం లేకుండ అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. దీనిని 1872లో జార్జి హంటింగ్టన్ అనే అమెరికా వైద్యుడు వర్ణించాడు. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. దీనికి కారణమైన జన్యువును 1993లో కనుగొన్నారు. ఆ జన్యువు డి.ఎన్.ఎ.లో ఒక భాగమే. క్రిక్, వాట్సన్‌ల పని లేకపోతే దానిని వెదకడానికి దారి ఉండేది కాదు. మన ఊరిలో 1838లో ప్రారంభమైన సెయింట్ ఆండ్రూస్ ఆసుపత్రిలో హంటింగ్టన్ రోగులకు ప్రత్యేకమైన సంరక్షణ ఉంది. అటు హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో కూడ కదలికల జబ్బులకు ప్రత్యేక చికిత్స చేస్తున్నారు.

నడకలోని సన్నని మార్పులను సరిగా కొలవగలిగితే జబ్బును మరింత ముందుగా గుర్తించవచ్చు. ఇచ్చిన మందు పనిచేస్తున్నదో లేదో అంకెలలో చూడవచ్చు. ఎవరు పడిపోయే ప్రమాదంలో ఉన్నారో ముందుగా తెలిసికోవచ్చు. పరిశోధకులు ఆశించేది ఇదే.

ఈ ఉద్యోగం గొప్పగా వినబడుతుంది గాని తేలికైనది కాదు. రోగులను పరీక్షించడానికి ముందు, వారికి ఏ హానీ కలగదని ఒక సంఘానికి విన్నవించి అనుమతి పొందాలి. వచ్చినవారికి అంతా వివరించి, వారు సమ్మతిస్తేనే పరీక్షించాలి. ఎప్పుడు వద్దన్నా మానుకోవాలి. ఒక్క గంట కొలిచిన అంకెలను సరిచూడడానికి రోజులు పడుతుంది. అనుకొన్నది నిజం కాదని తేలితే అదికూడ దాచకుండ వ్రాయాలి. పైగా ఉద్యోగం తరచు రెండు మూడు సంవత్సరాలకే ఇస్తారు. ధనసహాయం ముగిస్తే మరొక చోటు వెదుకుకోవాలి. "మరి ఎందుకు చేస్తున్నారు పిన్నీ?" అని ఒక అమ్మాయి అడిగింది. "నిన్న తెలియనిది ఈరోజు తెలిస్తే ఎంత సంతోషంగా ఉంటుందో, నీకు లెక్క కుదిరినప్పుడు చూచుకో" అని ఆమె సమాధానం చెప్పారు.

ఇందులో చేరడానికి ఒకే చదువు చదవనక్కరలేదు. వైద్యం, జీవశాస్త్రం, మనశ్శాస్త్రం, వ్యాయామ చికిత్స, ఇంజనీరింగు, గణితం చదివినవారందరూ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తారు. ఏ ఒక్కరికీ అంతా తెలియదు గనుక అందరూ అవసరమే.

వెళ్ళబోయే ముందు ఆమె నడవాలో నేలమీద అడ్డంగా, అడుగు దూరానికి ఒకటి చొప్పున రంగు టేపు ముక్కలు అంటించారు. తాతయ్యగారు గుమ్మం దగ్గర ఆగిపోయి ఉన్నారు. ఆమె పక్కన నిలబడి, "బాబాయిగారూ, గుమ్మం సంగతి మరిచిపోండి. ఒక్కొక్క గీత దాటుకొంటూ రండి" అన్నారు. మనుమడు చేయి అందించాడు. ఆయన మొదటి గీతను చూచారు. కాలు లేచింది. రెండవ గీత, మూడవ గీత. అడుగులు పెద్దవి అయినాయి. ఎవరో చప్పట్లు కొట్టి తాళం వేయడం మొదలుపెట్టారు. తిరిగి చూస్తే, ఆనాడు ఆయన వెనుక నడిచి నవ్వించిన ఇద్దరు పిల్లలే!

లోపలి తాళం అందనప్పుడు కన్ను చూచే గీత, చెవి వినే తాళం కొందరికి సహాయం చేస్తాయి. లోపలి దారి మూసికొన్నప్పుడు మెదడు మరొక దారి వెదుకుకొంటుందన్నమాట. లండను వైద్యుడు జేమ్స్ పర్డన్ మార్టిన్ 1967లోనే ఇటువంటి గీతల సంగతి వ్రాశాడు. అందరికీ ఇది ఒకేలా పనిచేయదు. ఎవరికి పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది అనేది నేటికీ పరిశోధకుల ముందున్న ప్రశ్న. ఇంటిలో చేసి చూడాలంటే వ్యాయామ చికిత్స తెలిసినవారిని అడిగి, పక్కన ఒకరు ఉండి చేయించాలి.

తాతయ్యగారు కుర్చీలో కూర్చొని కొంచెం సేపటికి, "పంతులుగారూ, తాడు పట్టి వరుసనాట్లు వేసినట్లుంది" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా వచ్చింది. ఈసారి పిల్లలు దానికోసం ఎదురుచూచారు.

ఆ టేపు ముక్కలు ఇప్పటికీ నడవాలో ఉన్నాయి. ఊడిపోయినప్పుడల్లా పిల్లలే కొత్తవి అంటిస్తున్నారు.

ఆలోచించి చెప్పండి

1. తాతయ్యగారి కాళ్ళు బాగున్నా నడక ఎందుకు మారింది? కోలాటం పోలికతో వివరించండి.
2. పోస్ట్‌డాక్టొరల్ పరిశోధకులు ఎవరు? వాట్సన్, క్రిక్‌ల కథ వల్ల మీకు ఏమి తెలిసింది?
3. జేమ్స్ పార్కిన్సన్ యంత్రాలు లేకుండ జబ్బును ఎలా గుర్తించాడు?
4. దూలగొండిలో మందు ఉన్నదని తెలిసినా, మనంతట మనం ఎందుకు వాడరాదు?
5. నడిచేటప్పుడు లెక్క చెబితే నడక ఎందుకు తగ్గుతుంది? మీరు కూడ నడిచి, సమయం చూచి, రెండు అంకెలనూ నోటుపుస్తకంలో వ్రాయండి.
6. మీ ఇంటిలో పెద్దవారి పాత జోళ్ళు వారి అనుమతితో తిప్పి చూడండి. ఎక్కడెక్కడ అరిగినాయో బొమ్మ గీచి, వారి నడక గురించి అయిదు వాక్యాలు వ్రాయండి.